జాంబియా రాగి డబ్బు ఎక్కడికి పోయింది? (అక్కడ ఉన్నవాళ్ళు, ఉండి వచ్చినవాళ్ళు రాయండి)

కిట్వే_శీను

మొన్న ఇక్కడే ఇంకో చర్చలో ఒకరు రాశారు, "నేల కింద ఖనిజం ఉన్న దేశానికి కష్టాలేంటి, తవ్వి అమ్ముకుంటే సరిపోదా" అని. అది చదివిన దగ్గర్నుంచి మనసు ఊరుకోవడం లేదు. నేను జాంబియాలో ఉంటాను. కాపర్‌బెల్ట్ ప్రాంతంలోని కిట్వే మా ఊరు. గనులకు సామాన్లు సప్లై చేసే చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను.

2024లో ఈ దేశం తీసిన రాగి సుమారు 8 లక్షల 20 వేల టన్నులు. ఆఫ్రికాలో కాంగో తర్వాత స్థానం దీనిదే. జనాభా రెండు కోట్ల చిల్లర. ఇంత రాగి ఉండి కూడా 2022లో ప్రభుత్వమే చేయించిన సర్వేలో నూటికి 60 మంది పేదలని తేలింది. పల్లెల్లో అయితే 79 దాకా ఉన్నారు. 2020 నవంబరులో విదేశీ బాండ్ల మీద వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది కూడా.

సాయంత్రం మా వీధి చివర బడ్డీకొట్టు దగ్గర నిలబడితే తెలుస్తుంది. ఇక్కడ అన్నం అంటే న్‌షిమా, మొక్కజొన్న పిండితో చేసే గట్టి సంకటి. పిండి 25 కిలోల బస్తాల్లో వస్తుంది. బస్తా కొనే స్తోమత లేక చిన్న ప్లాస్టిక్ సంచుల్లో కట్టిన పిండి ఆ పూటకు సరిపడా కొనుక్కుపోతారు. అలా కొంటే కిలో రేటు ఎక్కువ పడుతుంది, ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. అదే రోడ్డు మీద రాగి పలకల్ని కట్టలుగా పేర్చి, బెల్టులతో బిగించిన లారీలు ఒకదాని వెనక ఒకటి రేవుల వైపు పోతుంటాయి.

ఆ డబ్బు ఎటు పోతోందో, తెలిసినవాళ్ళు చెప్పండి. నాకు తెలిసింది నేనూ రాస్తాను.

గోదావరి_గట్టు

శీను గారూ, ఇందులో పెద్ద రహస్యం ఏముందండీ. నాయకులు తిన్నారు. చిలూబా ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు దేశం సొమ్ము 46 మిలియన్ డాలర్లు దారి మళ్ళించారని 2007లో లండన్ కోర్టు తేల్చింది కదా. ఏ దేశమైనా కథ ఇదే. గని ఉంటే కాంట్రాక్టు ఉంటుంది, కాంట్రాక్టు ఉంటే కమీషన్ ఉంటుంది.

లువాన్ష్య_లక్ష్మి

తినలేదని ఎవరూ అనరు అన్నయ్యా. అదే చిలూబాను 2009లో జాంబియా కోర్టు నిర్దోషి అంది, అది కూడా చెప్పాలి. కానీ మొత్తం లెక్క అవినీతి ఖాతాలో వేసేస్తే అసలు సంగతి దాటిపోతుంది.

నేను కాపర్‌బెల్ట్‌లోనే ఉన్న లువాన్ష్య అనే గని ఊళ్ళో పెరిగాను. ఎనభైల్లో జాంబియా ప్రభుత్వం మన దేశం నుంచి టీచర్లను బాగా తీసుకునేది, నాన్న అలా లెక్కల మాస్టారుగా వెళ్ళారు. అప్పట్లో గనులన్నీ జడ్‌సీసీఎం అనే ప్రభుత్వ కంపెనీవి. ఊరంటే గనే. ఆసుపత్రి, క్వార్టర్లు, మంచినీళ్ళు, చెత్త ఎత్తడం, క్లబ్బు, ఫుట్‌బాల్ టీము, కార్మికుల భార్యలకు కుట్టు క్లాసులు, అన్నీ గని చూసుకునేది. వీధి దీపం పోతే అమ్మ వెళ్ళి చెప్పేది కూడా గని ఆఫీసులోనే.

అది స్వర్గం అని అనను. ఎనభైల చివరికి వంటనూనెకీ సబ్బుకీ పొద్దున్నే క్యూ కట్టేవాళ్ళం. 1986 డిసెంబరులో పిండి మీద సబ్సిడీ ఎత్తేస్తే కాపర్‌బెల్ట్ అంతా అల్లర్లు, కాల్పులు. నాన్న మమ్మల్ని గడప దాటనివ్వలేదు. చివరికి ప్రభుత్వం వెనక్కి తగ్గి సబ్సిడీ మళ్ళీ ఇచ్చింది.

తర్వాత గనులు అమ్మేశారు. కొన్న కంపెనీలు గని వరకే తీసుకున్నాయి. ఊరిని ఎవరూ తీసుకోలేదు. క్వార్టర్లు ఉన్నవాళ్ళకే అమ్మారు, సొంతిల్లు వచ్చింది కానీ చేతిలో జీతం లేదు. నీళ్ళు, డ్రైనేజీ మునిసిపాలిటీ నెత్తిన పడ్డాయి. ఆ మునిసిపాలిటీ దగ్గర డబ్బు లేదు.

కిట్వే_శీను

లక్ష్మి అక్క బాగా గుర్తు చేశారు. గోదావరి గారూ, ఇదంతా వరసలో పెడితే ఒక సంగతి కనిపిస్తుంది. ఈ దేశం ఎప్పుడు సంతకం పెట్టినా చేతిలో ఏమీ లేని రోజునే పెట్టింది.

ఇక్కడి ఖనిజం మీద రాయల్టీ (తవ్విన సరుకు విలువలో వసూలు చేసే వాటా) హక్కు దశాబ్దాల పాటు బ్రిటిష్ సౌత్ ఆఫ్రికా కంపెనీ అనే ప్రైవేటు కంపెనీది. 1964 అక్టోబరు 24న స్వాతంత్ర్యం. సరిగ్గా దాని ముందు రోజుల్లో ఆ కంపెనీకి 40 లక్షల పౌండ్లు ఇచ్చి ఆ హక్కు విడిపించుకున్నారు. అందులో సగం జాంబియా కట్టిందే. అప్పటికి దేశం మొత్తం మీద డిగ్రీ చదివిన జాంబియన్లు ఓ వంద మంది.

1969లో దేశం మొదటి ప్రెసిడెంటు కౌండా, గనుల్లో 51 శాతం ప్రభుత్వానిది అన్నారు. ఆ వాటాకు నష్టపరిహారం కట్టారు, గని నడిపే కాంట్రాక్టు మాత్రం పాత కంపెనీలకే మిగిలింది. ఆ ఏడాది ఉత్పత్తి 7 లక్షల టన్నుల పైన. తర్వాత అయిదారేళ్ళకే, 1974–75లో రాగి ధర సగానికి పడిపోయింది. ఎగుమతంటే రాగి ఒక్కటే. పక్కన రొడీషియాతో (ఇప్పటి జింబాబ్వే) సరిహద్దు 1973లో మూతపడింది, సముద్రం లేని దేశం. ధర మళ్ళీ లేస్తుందని అప్పు తెచ్చారు. లేవలేదు. ఆ అప్పే ఎనభైల్లో పిండి సబ్సిడీ మీదికి వచ్చింది.

గనులు అమ్మింది 1997 నుంచి 2000 మధ్య. ఉత్పత్తి రెండున్నర లక్షల టన్నులకు దిగిపోయి, గనులు రోజూ నష్టం చూపిస్తున్న సమయం. కొనేవాడు ఏ షరతు పెడితే దానికి తల ఊపారు.

సింగరేణి_బిడ్డ

అన్నా, ఆ 51 శాతం అంకె చూసి ఆగిపోయిన. మా సింగరేణిలో కూడా రాష్ట్రానికి 51, కేంద్రానికి 49. మా దగ్గర దసరా ముందు లాభాల్లో వాటా ఇంతని ప్రకటిస్తరు, మా నాయిన ఉన్నప్పుడు ఇల్లంతా ఆ కబురు కోసం చూసేటోళ్ళం. మరి అక్కడ కార్మికునికి అట్లాంటిది ఉందా? షరతులు అన్నవు, ఏం షరతులు?

కిట్వే_శీను

తమ్ముడూ, లాభాల వాటా పద్ధతి అంతటా లేదు. పర్మనెంట్ కార్మికుల సంఖ్య తగ్గిపోయి, కాంట్రాక్టర్ల కింద చేసేవాళ్ళు పెరిగారు. ఒకే గనిలో పక్కపక్కన పనిచేసే ఇద్దరి జీతాలకు పొంతన ఉండదు.

షరతుల సంగతి వివరంగా రాస్తాను, ఈ చర్చలో అసలు ముడి అక్కడే ఉంది.

అమ్మేటప్పుడు ఒక్కో కంపెనీతో విడివిడిగా డెవలప్‌మెంట్ అగ్రిమెంట్లు రాసుకున్నారు. చట్టంలో రాయల్టీ 3 శాతం. అగ్రిమెంట్లలో 0.6 శాతం. అంటే వంద రూపాయల రాగికి అరవై పైసలు. పైగా 15, 20 ఏళ్ళ దాకా పన్నులు మార్చబోమని మాట ఇచ్చారు. అప్పుడు టన్ను 1,600, 1,800 డాలర్ల దగ్గర ఆడుతోంది. 2006 మే నెలకల్లా 8,000 దాటింది! దేశానికి మాత్రం ఆ అరవై పైసలే.

2008లో ప్రభుత్వం ఆ అగ్రిమెంట్లు రద్దు చేసి, ధర పెరిగినప్పుడు అదనంగా కట్టే విండ్‌ఫాల్ ట్యాక్స్ పెట్టింది. అదే ఏడాది చివర ప్రపంచమంతా మాంద్యం, రాగి 3,000 కిందకు పడింది. కంపెనీలు గనులు మూస్తామన్నాయి, లువాన్ష్య గని నిజంగానే మూతపడింది. 2009లో ఆ పన్ను ఎత్తేశారు. తర్వాత రెండేళ్ళలో ధర 10,000 దాకా పోయింది. పన్ను మళ్ళీ తేలేకపోయారు.

ఇక లాభం దాచే సంగతి. గని ఇక్కడ ఉంటుంది, దాని మాతృ కంపెనీ స్విట్జర్లాండులో ఉంటుంది. ఇక్కడి గని అక్కడి కంపెనీకి మార్కెట్ కంటే తక్కువ ధరకు రాగి అమ్మితే లాభం ఇక్కడి పుస్తకాల్లో కనిపించదు. మోపానీ గని విషయంలో ఇదే జరిగిందని జాంబియా పన్నుల శాఖ కోర్టుకెళ్ళింది. 2006 నుంచి 2009 మధ్య లెక్కలవి. సుప్రీంకోర్టు తీర్పు పన్నుల శాఖకు అనుకూలంగా వచ్చేసరికి 2020 మే. పదేళ్ళు దాటిపోయాయి.

అకౌంట్స్ మనిషిగా నా మాట ఇది. లాభంలో వాటా అడిగేవాడు ఎప్పుడూ నష్టపోతాడు, ఎందుకంటే లాభం లెక్క రాసేది అవతలివాడు. అమ్మకంలో వాటా అడగాలి. టన్నులు తూచవచ్చు, లండన్ మార్కెట్లో రాగి ధర పొద్దున్నే అందరికీ తెలుస్తుంది. కన్సాన్షి అని సోల్వేజీ దగ్గర పెద్ద గని ఉంది. అందులో ప్రభుత్వ కంపెనీకి 20 శాతం వాటా, డివిడెండు (లాభంలో వాటాదార్లకు పంచే సొమ్ము) మాత్రం ఎప్పుడొస్తుందో తెలియదు. 2022 చివర్లో ఆ డివిడెండు హక్కు వదులుకుని, గని నడిచినన్నాళ్ళూ 3.1 శాతం రాయల్టీ తీసుకునేలా మార్చుకున్నారు. వినడానికి 20 కంటే 3.1 చిన్నది. నాకైతే ఈ దేశం చాలా ఏళ్ళకు చేసిన మంచి పని అనిపించింది.

గోదావరి_గట్టు

ఈ వివరణ బాగుందండీ. కానీ ఒక మాట. పన్ను వచ్చినా పిండి కొనేవాడి దాకా వస్తుందన్న గ్యారంటీ ఏంటి? పక్కనే ఉన్న బోట్స్వానాకు వజ్రాలు దొరికాయి, వాళ్ళు బాగుపడ్డారు. అంటే తేడా నాయకుల్లో ఉన్నట్టే కదా?

ఎకనామిక్స్_పీజీ

బోట్స్వానా మీద నా సెమినార్ పేపరు కాబట్టి కాస్త చెబుతాను గోదావరి గారూ. 1966లో స్వాతంత్ర్యం, 1967లో ఒరాపా దగ్గర వజ్రాలు. 1975 కల్లా అక్కడ వజ్రాలు తవ్వే డి బీర్స్ కంపెనీతో కూర్చుని వజ్రాల కంపెనీలో సగం వాటా తీసుకున్నారు. మిగిలిన డబ్బు 1994 నుంచి పూలా ఫండ్‌లో దాచారు. నాయకత్వం మంచిదే, కాదనను. కానీ రెండు వెసులుబాట్లు ఉన్నాయి. ఒప్పందం రాసుకునేనాటికి అప్పుల వాళ్ళు గుమ్మంలో లేరు. జనాభా చాలా తక్కువ.

అక్కడా నిరుద్యోగం ఎక్కువే, అసమానతలూ ఎక్కువే. ఎయిడ్స్ ఒక తరాన్ని తినేసింది. ఇప్పుడు ల్యాబ్‌లో చేసిన వజ్రాలు వచ్చి అమ్మకాలు పడిపోతే ఆ ప్రభుత్వమూ తడుముకుంటోంది. ఒకే సరుకు మీద బతికే దేశానికి టెన్షన్ ఎప్పుడూ తప్పదు.

అరకు_కాఫీ

మీరంతా దేశానికి ఎంత వచ్చింది అని మాట్లాడుతున్నారు. గని పక్కన ఉన్నవాడికి ఏం మిగిలింది అని నేను అడుగుతున్నాను.

ముఫులిరాలో కాంకోయో అనే కార్మికుల బస్తీ ఉంది, సరిగ్గా స్మెల్టర్ (ఖనిజం కరిగించి రాగి తీసే కొలిమి) పక్కన. గంధకం పొగ దశాబ్దాల పాటు వాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఇళ్ళ మీద రేకులు తుప్పుపట్టి చిల్లులు పడేవి. పొగను పట్టి ఆపే ఏర్పాటు పూర్తిగా జరిగింది 2014లో. ఆ ముఫులిరా గనిలోనే 1970 సెప్టెంబరు 25 తెల్లవారుజామున, పైన ఉన్న వ్యర్థాల బురద భూగర్భంలోకి విరుచుకుపడి 89 మంది చచ్చిపోయారు.

మా అనంతగిరి మండలంలో లీజుల మీద వచ్చిన సమత తీర్పు అందుకే నాకు ప్రాణం. 1997లో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? ఏజెన్సీలో ప్రభుత్వ భూమి కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీకి లీజుకు ఇవ్వకూడదని. తవ్వేచోట నికర లాభంలో కనీసం 20 శాతం ఆ జనం కోసం పక్కన పెట్టాలని కూడా చెప్పింది. దాన్ని ఎంత అమలు చేశారో మా కొండల మీదికి వచ్చి చూస్తే తెలుస్తుంది. కానీ ఆ కాగితం ఉండబట్టే బాక్సైటు మీద మేం నిలబడి కొట్లాడగలిగాం. జాంబియాలో చింగోలా జనానికి అలాంటి కాగితం ఉందా?

కిట్వే_శీను

అరకు గారూ, వాళ్ళకు కాగితం సొంత దేశంలో దొరకలేదు, లండన్‌లో దొరికింది. కొంకోలా గనుల్లో మన వేదాంత 2004లో 51 శాతం కొన్నది. కఫూ నదిలోకి, వాగుల్లోకి గని నీళ్ళు వచ్చి పొలాలు పాడయ్యాయని చింగోలా దగ్గరి పల్లెల వాళ్ళు సుమారు 1,800 మంది ఇంగ్లండు కోర్టుకు వెళ్ళారు. మాతృ సంస్థ మీద ఇంగ్లండులో కేసు నడుస్తుందని 2019 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2021 జనవరిలో తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ రాజీ చేసుకుంది. అదే 2019లో ఆ గనిని ప్రభుత్వం లిక్విడేటర్ (దివాలా కంపెనీ వ్యవహారాలు చూసే అధికారి) చేతికి ఇచ్చింది, నాలుగైదేళ్ళ కొట్లాట తర్వాత 2024లో మళ్ళీ వేదాంతకే తిరిగి ఇచ్చింది. మధ్యలో సప్లయర్ల బిల్లులు నెలల తరబడి ఆగితే చిన్న చిన్న వర్క్‌షాపులు ఎన్ని మూతపడ్డాయో ఈ వీధుల్లో తిరిగితే కనిపిస్తుంది.

డాక్టరమ్మ

కాబ్వే గురించి ఎవరూ రాయలేదు. అక్కడి పిల్లల కోసం పనిచేసే బృందంతో కొన్నాళ్ళు ఉన్నాను.

కాబ్వేలో 1906 నుంచి 1994 దాకా సీసం, జింకు తవ్వారు. గని మూసి ముప్పై ఏళ్ళు దాటింది. దుమ్ము మాత్రం పోలేదు. ఇంటి ముందు మట్టిలో ఉంది, వీధిలో బంతి ఆడే చోట ఉంది. పిల్లల రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు దాటితేనే అది ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలి. గని దగ్గరి బస్తీల్లో దానికి ఎన్నో రెట్లు ఉన్న పిల్లలు ఉన్నారు. చూడటానికి మామూలుగానే ఉంటారు. బడిలో అక్షరం పట్టుబడదు, చెప్పింది గుర్తుండదు. టీచరు మొద్దు అనుకుంటుంది. తల్లి బాధపడుతుంది.

మందు ఇచ్చి రక్తంలో సీసం తగ్గిస్తాం. పిల్లాడు మళ్ళీ అదే వాకిట్లో ఆడుకుంటాడు. చేతులు తరచూ కడిగించమ్మా అని ఒక తల్లికి చెబితే, "కుళాయి రెండు రోజులకోసారి వస్తుంది డాక్టర్" అంది. అక్కడ వైద్యం అంటే మట్టి మార్చడం, నీళ్ళు ఇవ్వడం. గని లాభాలు ఎప్పుడో ఎటో వెళ్ళిపోయాయి, మట్టి మార్చే ఖర్చుకు ప్రపంచ బ్యాంకు దగ్గర అప్పు తేవాల్సి వచ్చింది. ఈ ఒక్క విషయం తలచుకుంటే నాకు కడుపు మండుతుంది.

సింగరేణి_బిడ్డ

డాక్టరమ్మా, మనసు పిండేసినట్టయింది. గని మూసేటప్పుడు ఇంత డబ్బు శుభ్రం చేయనీకి జమ చేయాలె అని మొదటి రోజే రాసుకోవాలె. మా దగ్గర ఓపెన్‌కాస్టులు పెట్టినకాడ కూడా ఇదే అడుగుతున్నం.

లువాన్ష్య_లక్ష్మి

కుర్రాళ్ళ గురించి రాయాలి. కిట్వేలో బ్లాక్ మౌంటెన్ అని పెద్ద నల్లగుట్ట, దశాబ్దాలుగా స్మెల్టర్ పోసిన చిట్టెం. అందులో ఇంకా కొంచెం రాగి మిగిలి ఉంది. జెరాబోలు అనే కుర్రాళ్ళు గునపాలు, పారలతో దాన్ని తవ్వి అమ్ముకుంటారు. మాస్కు లేదు, కర్రల దన్ను లేదు. 2018 జూన్‌లో గుట్ట విరిగిపడి పదిమంది పోయారు. నాతో చదువుకున్నామె తమ్ముడు ఇప్పటికీ అక్కడికే వెళ్తాడు. వాళ్ళ నాన్నకు గనిలో పర్మనెంట్ ఉద్యోగం ఉండేది, ఫుట్‌బాల్ టికెట్లు గనే ఇచ్చేది. ఒక్క తరంలో ఇంత కిందికి.

వాళ్ళను దొంగలు అనేవాళ్ళు ఉన్నారు. నేను అనలేను.

గోదావరి_గట్టు

మరి అప్పు సంగతి? అంతా చైనా చేసిందే అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది.

ఎకనామిక్స్_పీజీ

అప్పు ఇచ్చినవాళ్ళలో చైనా పెద్దదే, కానీ చైనా ఒక్కటే కాదు. 2012, 2014, 2015లో మూడు సార్లు యూరోబాండ్లు (విదేశీ మదుపరులకు అమ్మే బాండ్లు) అమ్మి 300 కోట్ల డాలర్లు తెచ్చారు. అది లండన్, న్యూయార్క్ మదుపరుల డబ్బు. 2020లో వడ్డీ ఎగ్గొట్టింది వాటి మీదే. చైనా అప్పు ఎక్కువగా రోడ్లు, విమానాశ్రయాలు, కరెంటు ప్రాజెక్టులది. అంతకుముందు, డెబ్బైల్లో టాంజానియాలోని దార్ ఎస్ సలాం రేవు దాకా 1,860 కిలోమీటర్ల టజారా రైలు మార్గం వేసిందీ చైనానే. సరిహద్దు మూసుకుపోయిన రోజుల్లో ఆ రైలే దారి చూపింది. 2023 జూన్‌లో వేరే దేశాల ప్రభుత్వాలకు కట్టాల్సిన అప్పు 630 కోట్ల డాలర్లకు వాయిదాలు మార్చారు. 2024లో బాండ్ల వాళ్ళూ దిగివచ్చారు.

కిట్వే_శీను

మంచి కూడా రాస్తాను, లేకపోతే ఈ దేశానికి అన్యాయం చేసినట్టవుతుంది. 2021లో ప్రెసిడెంటు ఎన్నికల్లో హిచిలేమా గెలిచారు. 2022 నుంచి ప్రభుత్వ బడుల్లో పన్నెండో తరగతి దాకా ఫీజు లేదు. ఆ ఏడాది 30 వేల మంది టీచర్లను తీసుకున్నారు. మా ఆఫీసులో ఊడ్చే ఆమె మానిపించిన కూతుర్ని మళ్ళీ బడికి పంపింది. క్లాసు గది కిక్కిరిసింది, బెంచీలు చాలవు, అయినా పంపింది. ఒక్కో నియోజకవర్గానికి ఇచ్చే నిధి 16 లక్షల క్వాచాల (ఇక్కడి కరెన్సీ) నుంచి 2 కోట్ల 57 లక్షలకు పెంచారు. దాంతో డెస్కులు, బోర్లు, చిన్న ఆసుపత్రులు కనిపిస్తున్నాయి.

2024లో కరువు వచ్చిపడింది. మొక్కజొన్న సగం ఎండిపోయింది. కరెంటులో ఎక్కువ భాగం నీటి నుంచి వచ్చేదే, కరీబా జలాశయం అడుగంటింది. రోజుకు ఇరవై గంటల పైన కోత చూశాం. వెల్డింగ్ షాపులు, బార్బర్లు, కోళ్ళ ఫారాలు చితికిపోయాయి. వంటకు అందరూ బొగ్గు కొన్నారు, అడవి అలా పోయింది. గనులు మాత్రం బయటి దేశాల నుంచి కరెంటు కొనుక్కుని నడిచాయి. దేశం వాడే కరెంటులో సగం వాటిదే.

అరకు_కాఫీ

2025 ఫిబ్రవరి 18 సంగతి కూడా రాయండి శీను గారూ, మీ ఊళ్ళోనే కదా నీళ్ళు ఆగిపోయింది.

కిట్వే_శీను

అవును. చంబిషి దగ్గర సైనో-మెటల్స్ కంపెనీ వ్యర్థాల చెరువు కట్ట తెగి, ఆమ్లం కలిసిన నీళ్ళు వాగులో పడి కఫూ నదికి చేరాయి. కిట్వే మొత్తానికి నీళ్ళు ఆపేశారు. మేం బకెట్లు పట్టుకుని బోర్ల దగ్గర నిలబడ్డాం. వాగు పక్కన మొక్కజొన్న మాడిపోయింది, చచ్చిన చేపలు తేలాయి. నదిలో ఆమ్లం విరగడానికి పడవల మీద నుంచి సున్నం పోశారు. దేశంలో సగం మందికి పైగా బతుకుతున్నది ఆ కఫూ నది మీదే.

ఇప్పుడు 2030ల మొదటికి ఏడాదికి 30 లక్షల టన్నుల రాగి తీస్తామంటున్నారు. ఎలక్ట్రిక్ కార్ల వల్ల ప్రపంచానికి రాగి కావాలి. అమెరికా, యూరప్ అంగోలాలోని లోబిటో రేవుకు రైలు దారి బాగు చేయిస్తామంటున్నాయి, చైనా టజారాను బాగు చేస్తానంటోంది. ఎప్పుడూ ఖాళీ చేతులతో సంతకం పెట్టిన దేశానికి, ఇన్నాళ్ళకు నలుగురు వచ్చి తలుపు తట్టే రోజు వచ్చింది. రాయల్టీ, గని మూసే ఖర్చు, వ్యర్థాల చెరువు తనిఖీ, ఇవన్నీ ఇప్పుడే రాయించుకోవాలి. ధర పడ్డాక అడిగితే ఎవరూ వినరు.

సింగరేణి_బిడ్డ

అన్నా, ఆ కన్సాన్షి 3.1 శాతం ఏ ధర మీద లెక్క కడతరు? కంపెనీ చెప్పిన ధర మీదనా, లండన్ ధర మీదనా? అంతా దాని మీదనే ఉంటది కదా.

కిట్వే_శీను

సరైన చోట పట్టుకున్నావు తమ్ముడూ. ప్రభుత్వానికి కట్టే మామూలు రాయల్టీ అయితే చట్టం ప్రకారం లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్ ధర ఆధారంగానే కడతారు. కన్సాన్షి ఒప్పందం గురించి ఆ ప్రభుత్వ కంపెనీ వాటాదార్లకు పంపిన సర్క్యులర్ ఉంది, ఈ శనివారం ఆ భాగం చదివి ఇక్కడే పెడతాను.